పూల నూనెకీ అలర్జీ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. కెమికల్స్ పడవని రెండేళ్లుగా ‘హండ్రెడ్ పర్సెంట్ నేచురల్’ అని ఉన్న లావెండర్ క్రీమే ముఖానికి రాసుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. రెండు నెలలుగా కనురెప్పలు, మెడ ఎర్రబడి దురద పెడుతున్నాయి, పొట్టు రాలుతోంది. సబ్బు మార్చినా తగ్గలేదు. మొక్కల నుంచి తీసినవి కూడా పడకపోవడం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంటుందమ్మా. నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ‘అది మాత్రం కాదు డాక్టర్, అది నేచురల్’ అని ముందే తీర్పు చెప్పేస్తారు. నేను ముందుగా అనుమానించేది దాన్నే.

లావెండర్ వాసనలో పెద్ద వాటా లినలూల్ అనే పదార్థానిది. నారింజ తొక్క నూనెలో లిమొనీన్ ఉంటుంది. తాజాగా ఉన్నప్పుడు ఇవి పెద్దగా ఇబ్బంది పెట్టవు. గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. అసలు పేచీ వాటితోనే. మూత తీసిన ప్రతిసారీ సీసాలోకి గాలి వెళ్తూనే ఉంటుంది కదా! ఇక లినలూల్ పుట్టిల్లు పువ్వా, ఫ్యాక్టరీయా అని చర్మం అడగదు. అణువు ఒకటే.

‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు’ అన్నారు. ఈ రకం అలర్జీ తీరే అంత. రోగనిరోధక కణాలు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి వారాలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఆ తర్వాత కూడా రాసిన వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అందుకే క్రీమును వదిలేసి నిన్న తిన్నదాన్ని తిడతారు. రెప్పల చర్మం మరీ పల్చన కాబట్టి ముందు అక్కడే తెలుస్తుంది. షాంపూ, గోళ్ల రంగు వల్ల వచ్చే అలర్జీ కూడా రెప్పల మీద కనిపించొచ్చు.

ఉత్తరం చూసి ఖాయంగా చెప్పలేను. ప్రస్తుతానికి క్రీముతోపాటు వాసన ఉన్నవన్నీ ఆపేయండి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం సొంతంగా రెప్పలకు రాయొద్దు. చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. అనుమానం ఉన్న పదార్థాలు పెట్టిన చిన్న పట్టీలు వీపు మీద అతికించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఒక మాట గట్టిగా అడగండి: ఈ టెస్టులో మామూలుగా వాడే వాసన పదార్థాల మిశ్రమాలు, అంటే ఫ్రాగ్రెన్స్ మిక్స్‌లలో లినలూల్, లిమొనీన్ ఉండవు. గాలికి మారిన రూపంలో వాటిని విడిగా పెట్టించుకోవాలి. లేదంటే రిపోర్టు నెగటివ్ వచ్చినా దురద అలాగే ఉండిపోవచ్చు.

ఇకపై కొనేటప్పుడు ముందువైపు పూల బొమ్మ కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. యూరప్‌లో ఇలాంటి 26 వాసన పదార్థాల పేర్లు లేబుల్ మీద ఉండాలని ఎప్పుడో నిబంధన పెట్టారు, 2023లో ఆ జాబితాను 80 దాకా పెంచారు. జెరానియోల్, సిట్రాల్, యూజెనాల్ అందులోవే, మూడూ మొక్కల్లో ఉండేవే.

పాత సీసా పారేయకండి. టెస్టుకు వెంట తీసుకెళ్తే ఆ క్రీమునే ఒక పట్టీలో పెట్టి చూడొచ్చు.