మెట్లు దిగేటప్పుడే మోకాలు ఎందుకు నొస్తుంది?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఏటా మొక్కు ప్రకారం అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్తాను. ఈసారి దిగడం కూడా నడిచే దిగాను. అప్పటి నుంచి మెట్లు దిగుతుంటే మోకాళ్ల ముందువైపు నొప్పి. ఎక్స్‌రే తీసి ‘కాస్త అరిగింది’ అన్నారు. రోజంతా నీక్యాప్ వేసుకుంటున్నా. ఇక నడక మానాల్సిందేనా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: మానక్కర్లేదమ్మా. ఈ వయసులో ఏ నొప్పీ లేనివాళ్ల మోకాళ్లలోనూ కొంత అరుగుదల కనిపిస్తుంది, తల నెరిసినట్టే. మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి అప్పుడు ఒంటి బరువుకు రెండు మూడు రెట్లవుతుంది. అలవాటు లేని కాళ్లు ఒక్కరోజులో సుమారు 3,550 మెట్లు ఎక్కి, మళ్లీ దిగితే నొప్పి రాక మానదు. కావలసింది బలం. నీక్యాప్ ఆ బలాన్నివ్వదు, నడిచేటప్పుడు వేసుకుంటే చాలు.

రోజు విడిచి రోజు ఇలా చేయండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవండి. కూర్చునేటప్పుడు మాత్రం నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. పదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో నిమిషం విరామం. రెండు వారాలయ్యాక 4 అంగుళాల పీట ఎక్కి, గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలబడండి. రెండో కాలి మడమ నేలను తాకేదాకా మెల్లగా దించి, తాకగానే పైకి లేవండి. ఇక్కడ ఎక్కువమందికి మోకాలు లోపలికి వాలిపోతుంది. అద్దంలో చూసుకోండి, మోకాలు కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. వాలుతుంటే 2 అంగుళాల పీటకు మారండి.

చేసేటప్పుడు నొప్పి పదికి మూడు నాలుగు దాకా ఉన్నా భయం లేదు. మర్నాటి పొద్దుటికి మామూలైపోవాలి. కాకపోతే సగానికి తగ్గించండి, అంతేగానీ మానేయొద్దు. బాగున్న రోజు విపరీతంగా తిరిగి, నొచ్చిన రోజు మంచం దిగకపోవడం వల్లే ఈ నొప్పి నెలల తరబడి సాగుతుంది. 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి.

వచ్చేసారి నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లపై ఎక్కే మొక్కుంటే ఈ ఏడాదికి వాయిదా వేసుకోండి. మోకాలు వాచి వేడెక్కినా, జ్వరం తోడైనా, మధ్యలో పట్టేసి కదలకపోయినా వ్యాయామం ఆపి, తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో ఎముకల డాక్టరుకు వెంటనే చూపించండి.

ప్రశ్న: చీలమండ బెణికి వాచింది. ఎముకలకు నాటువైద్యులు కట్టే పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నారు. కట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందు ఎముక సంగతి తేల్చుకోండి. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బ వెనక అంచున ఎముకను నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తప్పనిసరి. ఉత్త బెణుకే అయితే వారాల తరబడి కదలకుండా కట్టేయక్కర్లేదు, కీలు బిగుసుకుపోతుంది. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా నీవడం, కాపడం వద్దు, వాపు పెరుగుతుంది. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టుకుని, పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. నొప్పి ఓర్చుకోగలిగినంత బరువు మోపుతూ నడవండి.