సుమో బ్రేకు సంగతి యాప్‌కు తెలియదు

ప్రశ్న: మాది 2005 నాటి డీజిల్ సుమో. తిరుమల నుంచి దిగేటప్పుడు బ్రేకు పెడల్ రాయిలా బిగుస్తోంది. బండిలోని లోపాలు చదివి ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ తెప్పించి పెట్టినా యాప్‌లో ఏమీ రావడం లేదు. మెకానిక్ బూస్టర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా? – ఓ పాఠకుడు, చంద్రగిరి

జవాబు: డాంగిల్ వాపసు ఇచ్చేయండి. మన దేశంలో కార్లకు ఓబీడీ తప్పనిసరి అయింది 2010 నుంచే. మీ బండిలో బూస్టర్ దగ్గర సెన్సరే లేదు, యాప్ ఏం చదువుతుంది? బూస్టర్‌కూ అప్పుడే డబ్బు పెట్టొద్దు. వ్యాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) బలంతో పెడల్ తొక్కుడును తేలిక చేసే డబ్బా అది; ఆ వ్యాక్యూమ్‌ను ఒక పంపు అందిస్తుంది.

బండిని చదునైన చోట హ్యాండ్‌బ్రేకు వేసి నిలపండి. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా ఐదారుసార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే వ్యాక్యూమ్ అందడం లేదేమో ముందు చూడాలి. దిగితే, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే గబగబా ఆరుసార్లు తొక్కండి. అప్పుడు బిగిసి, కాస్త రేస్ చేయగానే మళ్లీ మెత్తబడితే పంపు నీరసించిందనే మొదటి అనుమానం. ఘాట్‌లో జరిగేదీ ఇదే: మలుపు మలుపుకీ బ్రేకు, మధ్యలో వ్యాక్యూమ్ నిండే వ్యవధి ఉండదు.

డీజిల్ సుమోలో ఈ పంపు డైనమో వెనకే ఉంటుంది, డైనమోతో పాటే తిరుగుతుంది, దానికి కందెన ఇంజిన్ ఆయిలే. ఆయిల్ పైపు మూసుకుపోయినా, లోపలి బ్లేడ్లు అరిగినా లాగదు. డైనమో రిపేరుకిస్తే ఛార్జింగ్ చూసి పంపేస్తారు, పంపు జోలికి పోరు. అడిగి చూపించండి.

పంపు కంటే ముందు చూడాల్సిన చవక సామాను పంపు నుంచి బూస్టర్‌కు వెళ్లే పైపు, దానికుండే వన్‌వే వాల్వ్. వాల్వ్ ఊడదీసి బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే పోకూడదు. పైపు చీలిందేమో చూడండి. దాని బదులు మామూలు నీళ్ల పైపు తగిలించారో, వ్యాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోతుంది.

పెడల్ తొక్కి పట్టుకున్నంతసేపూ కాళ్ల దగ్గర బుస్సుమని వినిపిస్తుంటే అప్పుడు బూస్టర్ పోయినట్టే. బయట చుక్క కారకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతోందా? మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే భాగం) వెనక సీలు చూపించండి, ఆయిల్ బూస్టర్‌లోకి పోతుంటుంది.

పెడల్ గట్టిగానే ఉండి, మాడు వాసనతో బండి ఆగకపోతే లైనింగులు కాలుతున్నాయి. మెత్తగా లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరుగుతోంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పట్టినది 140 దగ్గరే మరగొచ్చు. రెండేళ్లకోసారి మార్చండి.

రిపేరు అయ్యేదాకా ఘాట్ ఎక్కొద్దు. అయ్యాక కూడా డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగొద్దు, బూస్టర్‌లో మిగిలే వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే.