మెట్ల కింద దొరికిన నాన్న

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నకు 63 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ లంక పొగాకు చుట్టే, రోజుకు ఏడెనిమిది. ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాం. రెండో రోజు నుంచే మనిషి మారిపోయాడు. అన్నం పళ్లెం తోసేశాడు, అమ్మను నానా మాటలూ అన్నాడు. మూడో రోజు చేతికి సెలైన్ సూది ఉండగానే మెట్ల కింద చుట్ట కాలుస్తూ దొరికాడు. డాక్టరుగారు ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే గమ్ రాశారు. మా అన్నయ్య మాత్రం "విషం మానమని చెప్పి మళ్లీ విషమే అంటిస్తారా" అని కొననివ్వలేదు. ఏం చేయాలి? అటక మీద నాన్న పొగాకు కట్ట ఉంది. ఆయన వచ్చేలోపు పారేయమంటారా?
– ఒక కూతురు

జవాబు: వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్న కాబట్టి ఈ అమ్మాయికి ఆ రోజే ఫోన్‌లో చెప్పాను. మిగతావాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అమ్మాయ్, నేను ఛాతీ వార్డులో సిస్టరుగా చేసి రిటైరైనదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లంక రైతు దిండు కింద చుట్టలు దొరికితే అందరి ముందూ కడిగిపారేశాను. ఆ రాత్రే చేతికున్న సూదితో సహా వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా వచ్చాడు, ఈసారి స్ట్రెచర్ మీద. అతని మొండితనమే అనుకున్నాను గానీ, మూడు రోజులుగా పొగాకులోని నికోటిన్ అందక ఒళ్లు పీకుతోందని నాకు తట్టలేదు. మీ నాన్నదీ అదే. ఈ బాధ ఆఖరి చుట్ట ఆరిన కొన్ని గంటలకే మొదలై, రెండు మూడు రోజుల్లో ముదిరి, మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. కోపం, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం, ఒకచోట కూర్చోలేకపోవడం, అన్నీ అందులో భాగమే. అమ్మకు ఈ మాట చెప్పండి, పాపం ఆవిడ మనసుకు పట్టించుకుని ఉంటుంది.

ఇక అన్నయ్య మాట. నికోటిన్ అలవాటును పట్టి ఉంచుతుంది, నిజమే. ఊపిరితిత్తుల్ని పాడుచేసేది మాత్రం పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా బోలెడన్ని విషాలు. ప్యాచ్‌లో అవేవీ ఉండవు. నికోటిన్ ఒక్కటే, అదీ చర్మం గుండా నెమ్మదిగా దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందుల్ని 2009లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, మన దేశం జాబితాలోకి 2022లో వచ్చాయి. "ఆయన పొగ మింగడండి, నోట్లోనే ఉంచుకుని వదిలేస్తాడు" అని చుట్ట తాగేవాళ్ల ఇళ్లలో అంటుంటారు. చుట్ట పొగలోని నికోటిన్ నోటి లోపలి చర్మం నుంచే రక్తంలోకి ఎక్కుతుంది, మింగక్కర్లేదు. అందుకే ఏడెనిమిది చుట్టల్ని ఏడెనిమిది సిగరెట్లుగా లెక్కేయకూడదు. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తాడో డాక్టరుగారికి చెప్పండి. అరగంటలోపే అయితే అలవాటు గట్టిదని అర్థం. అలాంటివాళ్లకు గమ్ 2 కాకుండా 4 మిల్లీగ్రాములది రాస్తారు. ప్యాచ్ మామూలుగా 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కొన్ని వారాలకు 14కి, తర్వాత 7కి దించుతారు. ప్యాచ్ రోజంతా కాపు కాస్తే, గమ్ ఉన్నట్టుండి నాలుక లాగినప్పుడు ఆదుకుంటుంది. రెండూ కలిపి రాశారంటే మీ డాక్టరుగారు విషయం తెలిసిన మనిషే.

ప్యాచ్ అంటించేచోట కొబ్బరినూనె ఉండకూడదు. మన కోనసీమ మగవాళ్లకు ఈ ఒక్క మాట పదిసార్లు చెప్పాలి. స్నానం చేశాక తడి లేకుండా తుడిచి, వెంట్రుకలు లేనిచోట అంటించి, అరచేత్తో కాసేపు అదమండి. రోజూ చోటు మార్చండి. పీడకలలు వస్తుంటే పడుకునే ముందు తీసేయొచ్చు. తీసినదాన్ని మడిచి పిల్లల చేతికి అందకుండా పారేయండి. గమ్‌ని కిళ్లీలా నమిలేస్తే ఎక్కిళ్లు, కడుపులో మంట. మిరియం కొరికినట్టు చురుక్కుమనేదాకా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, అలా అరగంట. అంతకు పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకు వద్దు. కట్టుడు పళ్లుంటే గమ్ అతుక్కుంటుంది, చప్పరించే నికోటిన్ బిళ్ల అడగండి.

ఇంకో రెండు సంగతులు డాక్టరుగారి చెవిన వేయండి. ఈమధ్య గుండెపోటు వచ్చి ఉంటే అదొకటి. ఆయాసానికి థియోఫిల్లిన్ మాత్ర వేసుకుంటుంటే రెండోది. పొగ ఆగాక ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ప్యాచ్ ఉండగా ఒక చుట్ట కాల్చేశాడని తెలిస్తే ప్యాచ్ పీకేయకండి, రభస చేయకండి, సిస్టరుకు చెప్పండి. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర మాత్రం అగ్గిపెట్టె కనబడకూడదు. భగ్గుమంటే ఆయనా మిగలడు, పక్క మంచం మనిషీ మిగలడు.

వార్డులో మానడం ఒక ఎత్తు, అరుగు మీదకు చేరాక నిలబడటం మరో ఎత్తు. డిశ్చార్జి అయ్యాక కనీసం నెలరోజులు ఎవరో ఒకరు కనుక్కుంటూ ఉంటేనే ఆసుపత్రిలో మొదలైన ప్రయత్నం నిలుస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఇంటికెళ్లే రోజే ప్యాచ్‌లు కొని సంచిలో పెట్టుకోండి, మన చిన్న ఊళ్లలో అన్ని మందుల షాపుల్లోనూ ఉండవు. మొత్తం రెండు మూడు నెలల వాడకం. వారానికోసారి ఫోన్ చేసే బాధ్యత అన్నయ్యకు అప్పగించండి, వద్దన్నవాడే కదా. పొగాకు మానేవాళ్లకు ఫోన్‌లో సాయం చేసే కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ కూడా ఉంది, 1800 11 2356. డబ్బులు పడవు.

పొగాకు కట్టను ఆయనకు తెలియకుండా పారేయకండి. నేను లంక రైతు దగ్గర చేసిన తప్పే మీరూ చేసినట్టవుతుంది. "నాన్నా, అటక మీద కట్ట ఏం చేయమంటావు?" అని ఆయన్నే అడగండి. గోదాట్లో కలిపేయమన్నా, పొయ్యిలో పెట్టమన్నా ఆయన మాట నెరవేర్చండి. పక్కింటి బావగారికి ఇచ్చేయమంటే మాత్రం ఇవ్వకండి. సాయంత్రం మీ నాన్న ఆ అరుగు మీదే తేలుతాడు.