రాజీనామా మీద సంతకం పెట్టే ముందు

చిట్టితల్లికి పిన్ని ఆశీస్సులు.

అక్క నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నావట. నడుము ఇక సహకరించడం లేదట. పీఎఫ్ డబ్బుతో రెండు జూకీ కుట్టు మిషన్లు కొని ఇంట్లోనే పని పెట్టుకుంటావట, నెల ఖర్చులకి పెన్షన్ ఇప్పుడే మొదలుపెట్టించుకుంటావట. విన్నాక చాలాసేపు మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. మన ఇంట్లో సొంత కష్టం మీద వచ్చే పెన్షన్ గురించి లెక్కలు వేసుకున్న ఆడపిల్లవి నా తర్వాత నువ్వే. రెండు కంపెనీల్లో కలిపి పదిహేడేళ్లు. ఆ మిషన్ల చప్పుడులో, ఆ దూదిలో. నాకు ఎంత గర్వంగా ఉందో నీకెలా చెప్పను!

కానీ ‘ఈ నెలాఖరుకి’ అన్న మాట దగ్గర నా గుండె ఆగింది. ఎవరు పెట్టారమ్మా ఆ గడువు? నువ్వా, వాళ్లా? వాళ్లే అయితే ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. ఆధార్‌లో, పీఎఫ్‌లో నీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకో. బ్యాంకు ఖాతా నీ ఒక్కదాని పేరు మీద ఉన్నదే ఇవ్వు. పీఎఫ్ ఆన్‌లైన్‌లో ఉండే ఈ-నామినేషన్‌లో, అంటే వారసుల పేర్లు రాసే చోట, అల్లుడిగారి పేరు, పిల్లల పేర్లు ఎక్కించు. పీఎఫ్ వేరు, పెన్షన్ వేరు అని గుర్తుపెట్టుకో. పీఎఫ్ తీసుకున్నంత మాత్రాన పెన్షన్ మొదలుపెట్టాలని లేదు.

పాత కంపెనీలో నువ్వు చేసిన ఆరేళ్లు ఇప్పటి యూఏఎన్‌లోకి, అంటే నీ పీఎఫ్ నంబరులోకి, బదిలీ అయ్యాయా? పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. అవి కలవకపోతే నీ సర్వీసు పదిహేడు కాదు, పదకొండే. లెక్కంతా అక్కడే తేడా వచ్చేస్తుంది. నెల పెన్షన్ ఎంతో తేల్చడానికి చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి కూడా 15,000 దగ్గర గీత గీశారు, ఎంత ఎక్కువ వచ్చినా అంతకు మించి లెక్కలోకి రాదు. కాబట్టి నీ చేతిలో ఉన్నది ఆ సంవత్సరాలే. ఒక్కటి కూడా పోగొట్టుకోకు.

ఇప్పుడు మీ బాబాయి సంగతి. నీకు సగమే తెలుసు. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా.

2003 వానాకాలం. ఆయనకి 46 ఏళ్లు. ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. ఒక రోజు షిఫ్ట్ మధ్యలో కుడిచెయ్యి లేవలేదు, మాట తడబడింది. పక్షవాతం అన్నారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పదమూడో రోజు కంపెనీ మనిషి వచ్చాడు. పళ్లు తెచ్చాడు. బాగా మాట్లాడాడు. ‘అమ్మా, ఇక ఆయన పనిలోకి రాలేడు కదా, కాగితం ఇచ్చేస్తే పీఎఫ్, పెన్షన్ డబ్బు అంతా ఒకేసారి త్వరగా చేతికొచ్చేలా చూస్తాను’ అన్నాడు. నాకు అది దేవుడు పంపిన సాయంలా అనిపించింది. మందులకి అప్పు చేసి ఉన్నాను మరి.

కాగితం ఇంగ్లీషులో టైపు చేసి తెచ్చాడు. ఆయన కుడిచెయ్యి చచ్చుబడి ఉంది. ఎడమచేతి బొటనవేలు నేనే పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాను. నా చేతులతోనే, తల్లీ. ఆ కాగితంలో ‘సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను’ అని రాసి ఉందని ఏడేళ్ల తర్వాత తెలిసింది. పక్షవాతం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఆయన సర్వీసు ఏడేళ్లు. పదేళ్లు నిండలేదు కాబట్టి పెన్షన్ రాదు, వెనక్కి తీసేసుకోవడమే అన్నారు. ఆ డబ్బు తీసేసుకోవడానికి ఫారం 10సీ పెట్టాం. ఇరవై రెండు వేల చిల్లర వచ్చింది. మందుల షాపు బాకీ, ఫిజియోథెరపీ, ఇంటి అద్దె. దసరాకి వచ్చిన డబ్బు సంక్రాంతికి లేదు.

మీ బాబాయి ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. నీ కొడుకు బారసాలకి కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో అక్షింతలు వేశాడు, గుర్తుందా? ఆ ఆరేళ్లూ నేను పగలు ప్యాకింగ్ పనికి వెళ్లి, రాత్రి ఆయనకి ఒళ్లు తుడిచి అన్నం తినిపించేదాన్ని. డబ్బు చాలక ఆయన మందులు రోజు మార్చి రోజు వేసిన నెలలున్నాయి. ఆయనకి తెలియకుండానే అలా చేశాను.

ఆయన పోయిన మరుసటి ఏడాది మా ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ తనకి భర్త పెన్షన్ వస్తోందని చెప్పింది. ఆమె భర్త సర్వీసు నాలుగేళ్లే. నాకు అర్థం కాలేదు. సెలవు పెట్టి పీఎఫ్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన ఓపిగ్గా విని, రికార్డు చూసి చెప్పాడు. ఉద్యోగంలో ఉండగా మనిషి శాశ్వతంగా, పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే పదేళ్లు అక్కర్లేదట. ఒక్క నెల చందా కట్టి ఉంటే చాలట. అంగవైకల్యం వచ్చిన మర్నాటి నుంచే బతికున్నంతకాలం పెన్షన్. ఆయన పోయాక నాకు. ‘కానీ మీరు 10సీ తీసేసుకున్నారు కదమ్మా, సభ్యత్వం అక్కడితో అయిపోయింది’ అన్నాడు. ఆ కాగితం నకలు అప్పుడే చూశాను. బొటనవేలి ముద్ర కొంచెం పక్కకి జారి ఉంది. ఆయన చెయ్యి వణికిందో, నాదే వణికిందో.

ఆ పళ్లు తెచ్చిన మనిషి మీద నాకు కోపం పోలేదు. కానీ ఎక్కువ నొప్పి అది కాదు. ఒక్క రోజు ఆగి ఎవరినైనా అడిగి ఉంటే సరిపోయేది. ఆగలేదు.

అందుకే చెబుతున్నాను. నీ నడుము సంగతి ఆ అంగవైకల్యం లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియదు, నీకూ తెలియదు. అది డాక్టర్ల పరీక్షలో తేలాలి. వాళ్లు చూసేది నువ్వు ఇప్పుడు చేస్తున్న పనికి శాశ్వతంగా పనికిరాకుండా పోయావా అని. ఒకవేళ అలాంటిదే అయితే 58 నిండకుండా 51 ఏళ్లకే తీసుకున్నావని పెన్షన్‌లో కోత వేయరు. కానీ నువ్వు మామూలుగా రాజీనామా చేసి బయటికి వచ్చేస్తే ఆ తలుపు దగ్గరికి వెళ్లడమే కష్టం. కంపెనీ వాళ్లు ఆన్‌లైన్‌లో నువ్వు మానేసిన తేదీతో పాటు కారణం కూడా ఎక్కిస్తారు. అందులో శాశ్వత అంగవైకల్యం అని ఒక కారణం ఉంది, మామూలుగా మానేయడం అని ఇంకొకటి ఉంది. ఏది ఎక్కిస్తున్నారో చూడకుండా గేటు దాటకు.

ఊళ్లో ఎవరో వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు, 6,000 పింఛను వచ్చేస్తుంది, ఇక పీఎఫ్‌తో పనేముంది అన్నారని అక్క చెప్పింది. అది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను, దాని అర్హతలు వేరు. సదరంలో వైకల్యం ఎంత శాతమో కొలుస్తారు, 40 శాతం ఉండాలి. పీఎఫ్ వాళ్లు శాతం అడగరు, ఆ పని చేయగలవా లేదా అంటారు. ఒకటి చూపించి రెండోది తెచ్చుకోలేం. రెండింటినీ కలిపి చెప్పేవాళ్ల మాట నమ్మకు.

మరి మానేయకుండా ఎలా, నొప్పితో ఎలా నిలబడను అంటావు. నిలబడొద్దు. నీ జీతం 21,000 లోపే కదా, నీకు ఈఎస్ఐ, అదే కార్మికుల బీమా, ఉంది. ఈఎస్ఐ డాక్టర్‌కి చూపించి సర్టిఫికెట్ తీసుకో. ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పెద్ద జబ్బుల జాబితా ఒకటి ఉంది, వాటికైతే రెండేళ్ల దాకా 80 శాతం ఇస్తారు. పక్షవాతం ఆ జాబితాలో ఉంది. అది చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. మూడు నెలలు పడుకుని వైద్యం చేయించుకో. అప్పటికీ తగ్గకపోతే కూర్చుని చేసే చెకింగ్ పని అడుగు. నోరు తెరిచి అడుగు, చిన్నప్పటి నుంచీ నీకున్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. నడుముకి మొదట దెబ్బ తగిలింది ఫ్యాక్టరీలో బేల్ మూట ఎత్తినప్పుడేనని అక్క అంటోంది. నిజమైతే అది యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఎక్కిందా? ఎక్కకపోతే ఇప్పుడే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో.

ఇక పెన్షన్ ఇప్పుడా, 58కా అన్నది. 50 దాటితే ముందే తీసుకోవచ్చు, నిజమే. కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు. 58 వచ్చాక ఆ కోత ఎత్తేస్తారని చాలామంది అనుకుంటారు. ఎత్తెయ్యరు, జీవితాంతం అంతే. పైగా ఈ పెన్షన్‌కి డీఏ లేదు. నేను 2019లో మొదలుపెట్టిన రోజు నెలకి 2,140 వచ్చింది, ఈ నెల కూడా 2,140 వచ్చింది. ఈ మధ్యలో నూనె, పప్పు, గ్యాస్ ఎంత పెరిగాయో నీకు నేను చెప్పాలా?

అబద్ధం చెప్పను, ఇంకో వైపు లెక్క కూడా ఉంది. ఏడేళ్లు వచ్చే డబ్బు వదులుకుని 58 దాకా ఆగితే, ఆ వదులుకున్నది పూర్తిగా తిరిగి రావడానికి 75 దాటాలి. ఇంట్లో పొయ్యి వెలగని పరిస్థితి ఉంటే ముందే తీసుకోవడం తప్పు కాదు. కానీ మా అమ్మ 88 దాకా బతికింది. ఆఖరి పదేళ్లు చేతిలో తనదంటూ రూపాయి లేక, ప్రతి చిన్నదానికీ మా మొహాలు చూసేది. నిన్ను ఆ వయసులో అలా ఊహించుకోలేను. ఇది లెక్క కాదు, నా భయం. అలాగే తీసుకో.

మధ్యదారి ఒకటి ఉంది. ఉద్యోగం మానాల్సే వస్తే పీఎఫ్ తీసుకుని మిషన్లు కొనుక్కో, పెన్షన్ మాత్రం కదపకు. పదేళ్లు దాటాయి కాబట్టి నీ హక్కు ఎక్కడికీ పోదు. నీ సర్వీసు లెక్క రాసిచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని బీరువాలో పెట్టుకో, 58కి పెన్షన్ దరఖాస్తు, అదే ఫారం 10డి, పెట్టు. 60 దాకా ఆగగలిగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది కూడా. ఒకవేళ కూర్చునే పని దొరికి ఇంకో మూడేళ్లు చేయగలిగితే 20 ఏళ్లు నిండుతాయి, 58 దాకా ఉంటే దాని మీద రెండేళ్లు అదనంగా కలుపుతారు. చేయగలిగితేనే. రెండేళ్ల బోనస్ కోసం నడుము విరగ్గొట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను.

నాకు ముందే ఎందుకు చెప్పలేదు? ఆరు నెలలుగా నొప్పి అని అక్క అంటుంటే కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. అంత పరాయిదాన్నయ్యానా?

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. పాస్‌బుక్ ప్రింటు, పాత కంపెనీ ఐడీ కార్డు, అపాయింట్‌మెంట్ లెటర్, నడుము స్కానింగ్ రిపోర్టులు బయటికి తీసి పెట్టు. వాళ్లిచ్చిన రాజీనామా కాగితం కూడా. చింపకు, అందులో ఏం రాశారో ఇద్దరం కూర్చుని చదువుదాం. వంట పని పెట్టుకోకు, బరువులు ఎత్తకు. కూరలు నేను చేసి తెస్తాను.

మీ పిన్ని