స్కాట్లాండ్ వాళ్లు విడిపోతామని ఎందుకంటున్నారు?

ప్రశ్న: స్కాట్లాండ్, ఇంగ్లండ్ మూడు వందల ఏళ్లకు పైగా కలిసే ఉన్నాయి కదా. మాట్లాడే భాష దాదాపు ఒకటే, డబ్బు ఒకటే, రాజు ఒక్కడే. వాళ్లనెవరూ యుద్ధంలో గెలిచి కలుపుకోలేదు కూడా. మరి దాదాపు సగం మంది విడిపోతామని ఎందుకంటున్నారు? ఇంగ్లండ్ వాళ్లంటే పడకా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఇంగ్లండ్ మీద కోపంతోనే అడుగుతున్నారని చాలామంది అనుకుంటారు కానీ, విడిపోవాలా వద్దా అని 2014లో పెట్టిన ఓటింగ్‌లో (రెఫరెండంలో) ఎవరెవరికి ఓటిచ్చారో చూస్తే ఆ మాట నిలబడదండీ. స్కాట్లాండ్‌లో నివాసం ఉంటున్నవాళ్లకే ఓటు అన్నారు. ఇంగ్లండ్ నుంచి వచ్చి గ్లాస్గోలో స్థిరపడ్డ మనిషికి ఓటుంది, పోలండ్ నుంచి వచ్చి పనిచేసుకుంటున్నవాళ్లకు ఉంది, కామన్వెల్త్ దేశం కాబట్టి అక్కడ ఉంటున్న మన భారతీయులకూ ఉంది, కానీ ఎడింబరోలో పుట్టి పెరిగి లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న స్కాట్లాండ్ మనిషికి లేదు. పుట్టుక, రక్తం అనే లెక్కతో నడిచే ఉద్యమం ఇలాంటి నియమానికి ఒప్పుకోదు.

నన్నడిగితే అసలు కారణం ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. తమను ఎవరు పాలించాలన్నది తమ ఓటుతో తేలడం లేదని వాళ్ల బాధ. లండన్ పార్లమెంటులో 650 సీట్లుంటే ఇప్పుడు స్కాట్లాండ్‌వి 57. అక్కడ కన్జర్వేటివ్ పక్షానికి సగానికి పైగా ఓట్లు వచ్చింది చివరిసారి 1955లో. అయినా 1979 నుంచి 1997 దాకా, అంటే ఏకంగా 18 ఏళ్లు, స్కాట్లాండ్‌ని పాలించింది ఆ పార్టీయే. 1987లో ఆ పార్టీకి అక్కడి 72 సీట్లలో 10 వచ్చాయి, 1997లో ఒక్కటీ రాలేదు. ఆ పార్టీ ప్రధాని మార్గరెట్ థాచర్ హయాంలో బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడటం స్కాట్లాండ్ ఒక్కదాని కష్టం కాదు, ఉత్తర ఇంగ్లండ్, వేల్స్ కూడా అంతే నలిగాయి. కానీ స్కాట్లాండ్ వాళ్లకి "మేం వీళ్లకి ఓటెయ్యలేదు" అన్న బాధ తోడైంది. 1992లో మదర్‌వెల్‌లోని రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం మూసేస్తే అదొక ఫ్యాక్టరీ పోయినట్టుగా కాక, ఒక కాలమే ముగిసినట్టు అనిపించింది అక్కడివాళ్లకి. దానికి ముందే 1989లో పోల్ టాక్స్ వచ్చింది. ఇంటి విలువతో నిమిత్తం లేకుండా మనిషికి ఇంత అని వేసే పన్ను. దాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లో 1990లో పెట్టారు, స్కాట్లాండ్‌లో సరిగ్గా ఒక ఏడాది ముందు. మా మీద ప్రయోగం చేసి చూశారన్న కోపం ఇప్పటికీ పెద్దవాళ్ల మాటల్లో వినిపిస్తుంది.

ఇంకొకటి 1979 నాటి సంగతి. సొంత శాసనసభ కావాలా అని ఓటింగ్ పెడితే 51.6 శాతం కావాలన్నారు. అయినా రాలేదు. ఎందుకంటే మొత్తం ఓటర్ల జాబితాలో 40 శాతం మంది "కావాలి" అంటేనే చెల్లుతుందని ముందే షరతు పెట్టారు, అంటే ఓటేయడానికి రానివాళ్లందరూ వద్దన్నట్టే లెక్క. మళ్లీ 1997లో అడిగితే 74.3 శాతం అవునన్నారు, 1999లో ఎడింబరోలో పార్లమెంటు మొదలైంది.

ఆ పార్లమెంటు వచ్చాక ఏం తేడా వచ్చిందో జనానికి కళ్లముందే కనిపించింది. ఇంగ్లండ్‌లో 2012 నుంచి యూనివర్సిటీ ఫీజు ఏడాదికి 9,000 పౌండ్ల దాకా పెరిగింది, స్కాట్లాండ్ పిల్లలకి సొంత చోట చదివితే ట్యూషన్ ఫీజు లేదు. 2011 నుంచి డాక్టరు రాసిన మందులు ఉచితం. బ్రిటన్‌తో కలిసే ఉండాలనేవాళ్లు దీనికో జవాబు చెప్తారు, అందులో నిజముంది: బార్నెట్ ఫార్ములా అనే పద్ధతిలో నిధులు పంచడం వల్ల స్కాట్లాండ్‌లో తలసరి ప్రభుత్వ ఖర్చు ఇంగ్లండ్ కంటే ఎక్కువే. కానీ ఆ డబ్బుని ఎలా ఖర్చు పెట్టాలో మనమే తేల్చుకుంటే ఇలా ఉంటుందని ఒకసారి రుచి చూసినవాళ్లు మిగతా అధికారాల గురించి కూడా అడగకుండా ఎలా ఉంటారు?

చమురు గురించి చాలామంది మొదట చెప్తారు, నేను కాస్త వెనక్కి పెడతాను. 1970లో ఉత్తర సముద్రంలో ఫోర్టీస్ క్షేత్రం బయటపడింది. విడిపోతే స్కాట్లాండ్ చాలా సంపన్న దేశమవుతుందని 1974లో ప్రభుత్వ ఆర్థికవేత్త మెక్రోన్ రాసిన నివేదికని గోప్యంగా ఉంచారు, అది జనం చేతికొచ్చింది 2005లో. నార్వే తన చమురు డబ్బుని నిధిగా దాచుకుంటే బ్రిటన్ ఖర్చు పెట్టేసింది. ఈ బాధ న్యాయమైనదే, కానీ ఇప్పుడా చమురు తగ్గిపోతోంది, దాని మీద దేశం కట్టలేరు. గ్లాస్గోకి 40 కిలోమీటర్ల దూరంలోని ఫాస్లేన్‌లో బ్రిటన్ అణు జలాంతర్గాములుండటం కూడా చాలామందికి ఇష్టం లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బ్రెగ్జిట్ ఒక ఎత్తు. 2014లో విడిపోవద్దన్నవాళ్లు చెప్పిన పెద్ద మాట, బ్రిటన్‌లో ఉంటేనే యూరోపియన్ యూనియన్‌లో ఉంటారు అని. రెండేళ్లు తిరగకుండానే 2016 జూన్‌లో బ్రిటన్ మొత్తం మీద బయటికి వెళ్దామన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉందామన్నారు, 32 కౌన్సిల్ ప్రాంతాల్లో ఒక్కటి కూడా వెళ్దామనలేదు. అయినా వెళ్లాల్సి వచ్చింది. మా ఓటు లెక్కలోకి రాదు అనే వాదనకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ప్రశ్న: ఇన్ని బాధలుంటే 2014లో ఎందుకు వద్దన్నారు?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: భయం వల్ల. ఆ భయం తప్పని నేననను. 84.6 శాతం మంది ఓటేస్తే 55.3 శాతం వద్దన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్, విడిపోతే పౌండ్‌ని పంచుకోం అని తేల్చి చెప్పాడు, లేబర్, లిబరల్ డెమొక్రాట్లు కూడా అదే మాట అన్నారు. మరి మీ కరెన్సీ ఏమిటి అని అడిగితే విడిపోవాలన్న ఉద్యమానికి నాయకుడైన అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ సామండ్ దగ్గర జనాన్ని ఒప్పించే జవాబు లేకపోయింది. పెన్షనూ, ఇంటి లోనూ, దాచుకున్న డబ్బూ అన్నీ పౌండ్లలో ఉన్న మనిషికి టెన్షన్ పుట్టదా? అందుకే వయసు పైబడినవాళ్లు ఎక్కువగా వద్దన్నారు. గ్లాస్గో, డండీ అవునన్నాయి, ఎడింబరో, అబర్డీన్ కాదన్నాయి.

బ్రెగ్జిట్ ఆ లెక్కని ఇంకా చిక్కు చేసింది. విడిపోవడానికి గట్టి కారణం ఇచ్చింది నిజమే, కానీ ఇప్పుడు విడిపోయి యూరోపియన్ యూనియన్‌లో చేరితే ఇంగ్లండ్ సరిహద్దులో కస్టమ్స్ తనిఖీలు వస్తాయి. స్కాట్లాండ్ సరుకు ఎక్కువగా అమ్ముడయ్యేది బ్రిటన్‌లోని మిగతా ప్రాంతాల్లోనే. ఉద్యమ నాయకులు దీనికి సూటిగా జవాబు చెప్పాలి, ఇంతవరకు చెప్పలేదనే నా అభిప్రాయం.

ప్రశ్న: విడిపోతే రాజుని వదిలేస్తారా?
— మరో పాఠకుడు

జవాబు: వదిలేయాలనేవాళ్లు ఉన్నారు కానీ, 2014 రెఫరెండానికి ముందు స్కాటిష్ ప్రభుత్వం ఇచ్చిన ప్రణాళికలో అప్పటి రాణినే ఉంచుతామన్నారు. చరిత్రలో అది కొత్తేమీ కాదు. 1603లో రాజు ఒక్కడయ్యాడు, పార్లమెంట్లు కలిసింది 1707లో. మధ్యలో నూరేళ్లు ఒకే సింహాసనం కింద దాదాపు అంతా రెండు దేశాలుగానే నడిచాయి. కలిశాక కూడా స్కాట్లాండ్ చట్టం, చర్చి, చదువులు విడిగానే ఉన్నాయి.

ప్రశ్న: 2024 ఎన్నికల్లో, విడిపోవాలనే స్కాటిష్ నేషనల్ పార్టీ చిత్తుగా ఓడిపోయింది. ఇక కథ ముగిసినట్టేనా?
— ఒక పాఠకుడు

జవాబు: పార్టీ ఓడిపోయింది, నిజమే. లండన్ పార్లమెంటులో 2019లో 48 మంది ఎంపీలుంటే 2024లో 9 మందే మిగిలారు. 2007 నుంచి ఎడింబరోలో వాళ్లే అధికారంలో ఉన్నారు, జనం విసిగిపోయారు. కానీ సర్వేల్లో స్వాతంత్ర్యానికి మద్దతు ఆ స్థాయిలో పడిపోలేదు, సగానికి కాస్త అటూఇటూగానే ఉంటోంది, కుర్రవాళ్లలో ఇంకా ఎక్కువ. అసలు అడ్డంకి దారి లేకపోవడం. లండన్ ఒప్పుకోకుండా ఎడింబరో పార్లమెంటు రెఫరెండం పెట్టడానికి వీల్లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఉత్తర ఐర్లండ్ విషయంలో మాత్రం, మెజారిటీ విడిపోవాలనుకుంటున్నట్టు కనిపిస్తే ఓటింగ్ పెట్టాలని 1998 చట్టంలోనే రాసి ఉంది. స్కాట్లాండ్‌కి అలాంటి షరతేదీ లేదు. ఎంతమంది, ఎన్నేళ్లు అడిగితే మళ్లీ ఓటింగ్ పెడతారో లండన్ ఇంతవరకు చెప్పలేదు. విడిపోవడం మంచిదా కాదా అన్నది అక్కడివాళ్లు తేల్చుకోవాల్సిందే కానీ, ఆ షరతు మాత్రం బ్రిటన్ ప్రభుత్వం కాగితం మీద పెట్టి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.