లోయ వచ్చే వేళకి లంచ్ పెట్టుకోకు

చి. సౌ. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. ఆదివారం ఫోన్‌లో నువ్వు మీ రైలు ప్రయాణం గురించి గుక్క తిప్పుకోకుండా పది ప్రశ్నలు అడిగావు. నేనేమో రెండింటికి జవాబు చెప్పి మిగతావి నమిలేశాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అమ్మకీ నాన్నకీ రూమెట్ (స్లీపర్ పెట్టెలో ఇద్దరు పడుకునే చిన్న గది), మీ ఇద్దరికీ కోచ్‌లో సీట్లు తీసుకున్నానన్నావు. చికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఎమరీవిల్ దాకా కాలిఫోర్నియా జెఫిర్, 2,438 మైళ్లు, రైల్లోనే రెండు రాత్రులు. మీ అత్తయ్యా నేనూ ఆ దారిన నాలుగుసార్లు వెళ్లాం. మొదటిసారి చేసిన పొరపాటు ఇప్పటికీ మా ఇంట్లో దెప్పిపొడుపుగా నడుస్తోంది. రెండో రోజు లంచ్‌కి ఏ టైమ్ కావాలని అడిగితే ఇంటి అలవాటు కొద్దీ ఒంటిగంటన్నర అన్నాను. సరిగ్గా కొలరాడోలో గ్లెన్‌వుడ్ కాన్యన్ అనే లోయలోకి రైలు దూరే వేళకి బర్గర్‌లో ఉల్లిపాయలు ఏరుకుంటూ కూర్చున్నాను. డైనింగ్ కార్ కిటికీలోంచి నది కనిపించింది, అవతలి ఒడ్డున రోడ్డు కనిపించింది, కొండల మోకాళ్లు కనిపించాయి. తలలు మాత్రం కనిపించలేదు. పక్క పెట్టెలో లౌంజ్‌లో కూర్చున్నవాళ్లు ‘ఓ’ అని అరుస్తుంటే మీ అత్తయ్య నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

కాబట్టి ముందు ఆ రెండు పెట్టెల తేడా తెలుసుకో. ఈ రైలు పెట్టెలన్నీ రెండంతస్తులవి, సూపర్‌లైనర్లంటారు. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దారి పై అంతస్తులోనే ఉంటుంది. మామూలుగా డైనింగ్ కార్‌కి ఒకవైపు స్లీపర్లు, రెండోవైపు లౌంజ్, దాని అవతల కోచ్‌లు. డైనింగ్ కార్‌లో పైన నలుగురేసి కూర్చునే బల్లలు, కింద వంటగది. వండినది చిన్న లిఫ్టులో పైకి వస్తుంది. లౌంజ్ పై అంతస్తులో కిటికీలు గోడ దగ్గర ఆగకుండా వంపు తిరిగి కప్పులోకి పాకుతాయి. కుర్చీలు కూడా బయటికే తిరిగి ఉంటాయి. అక్కడ కూర్చుంటే కొండ కొన దాకా కనిపిస్తుంది.

కొండని రైల్లోంచి తలెత్తి చూడాలన్న ఆలోచన పుట్టింది కూడా ఆ కాన్యన్‌లోనేనట. 1944లో జనరల్ మోటార్స్‌లో రైలింజన్ల విభాగం చూసే సైరస్ ఆస్బర్న్ ఇంజన్‌లో కూర్చుని ఆ లోయలోంచి వెళ్తూ, ఈ దృశ్యం డ్రైవర్ ఒక్కడికేనా అనుకున్నాడు. ఆ మరుసటి ఏడే కప్పు మీద అద్దాల గోపురం ఉన్న పెట్టె బర్లింగ్టన్ అనే రైలు కంపెనీ పట్టాల మీదికి వచ్చింది. 1949లో మొదలైన పాత కాలిఫోర్నియా జెఫిర్‌కి పేరు తెచ్చినవి ఆ గోపురాలే. ఇది నాన్నకి చెప్పు, ఆయనకి ఇలాంటివి ఇష్టం.

ఇక భోజనాల వేళల సంగతి. స్లీపర్ టికెట్‌లో మూడు పూటలా భోజనం కలిసే ఉంటుంది, అమ్మానాన్న బిల్లు కట్టక్కర్లేదు. బ్రేక్‌ఫాస్ట్‌కి రిజర్వేషన్ ఉండదు, ముందు వెళ్లినవాళ్లకి ముందు. లంచ్‌కీ డిన్నర్‌కీ డైనింగ్ కార్ మనిషి చిన్న పుస్తకం పట్టుకుని గది గదికీ వచ్చి ఏ టైమ్ కావాలో రాసుకుని వెళ్తారు. కోడికూర మీద కన్ను వేసి గబుక్కున ఏదో ఒక టైమ్ చెప్పొద్దని నాన్నకి చెప్పు. ముందు అడగాల్సింది, “రైలు ఎంత లేటు?” ఈ రైలు గంట, రెండు గంటలు లేటవడం మామూలే. గడియారం చూసి కాదు, ఏ టైమ్‌కి ఎక్కడ ఉంటామో చూసుకుని చెప్పాలి.

మొదటి రోజు చికాగోలో మధ్యాహ్నం 2 గంటలకి బయల్దేరుతుంది. ఆ సాయంత్రం అయిదింటి డిన్నర్ తీసుకోండి. అయిదింటికి డిన్నరేమిటని అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఇంచుమించు ఆ వేళకే బర్లింగ్టన్ అనే ఊరి దగ్గర మిస్సిసిపి నది దాటుతారు. నది మీదినుంచి వెళ్తూ బల్ల దగ్గర కూర్చోవడం బాగుంటుంది. అక్కడ తలెత్తి చూడాల్సిందేమీ లేదు, చదునైన కిటికీ చాలు. ఆ తర్వాత చీకటి, అయోవా, నెబ్రాస్కా, నిద్ర.

రెండో రోజు అసలైన రోజు. టైమ్‌టేబుల్ ప్రకారం పొద్దున్నే ఏడు, ఏడుంపావు ప్రాంతంలో డెన్వర్. మీరు ఆలోపే టిఫిన్ కానిచ్చేయాలి. డెన్వర్‌లో రైలు చాలాసేపు ఆగుతుంది, కొత్తవాళ్లు బోలెడుమంది ఎక్కుతారు, వాళ్లు కూడా నేరుగా లౌంజ్‌కే వస్తారు. రైలు కదలకముందే మీరు అక్కడ కూర్చుని ఉండాలి. కోచ్ అయినా స్లీపర్ అయినా లౌంజ్ అందరిదీ. అమ్మానాన్నతో మీరిద్దరూ కలిసి గడపడానికి దొరికే చోటు కూడా అదే. కోచ్ టికెట్ వాళ్లు స్లీపర్ పెట్టెల్లోకి వచ్చి తిరగడం అటెండెంట్లకి నచ్చదు.

అయితే బ్యాగు పెట్టి సీటు ఆపే పని మాత్రం చేయకండి. పొద్దున ఏడింటినుంచి సాయంత్రం దాకా నాలుగు కుర్చీలు పట్టుకుని కూర్చునే మందలు ఉంటాయి, మనం వాళ్లలో చేరొద్దు. రెండు గంటలు చూశాక లేచి ఇంకొకళ్లకి ఇవ్వండి, మళ్లీ వచ్చేసరికి ఏదో ఒకటి దొరుకుతుంది.

డెన్వర్ దాటాక కొండెక్కుతూ వరసగా సొరంగాలు. చివరికి మొఫట్ టన్నెల్, 6.2 మైళ్లు, 1928 నుంచి వాడుకలో ఉంది. దాంట్లో సుమారు పది నిమిషాలు పడుతుంది. లోపల ఉన్నంతసేపూ పెట్టెలు మారొద్దని మైకులో చెప్తారు, తలుపులు తెరిస్తే ఇంజన్ పొగ లోపలికి వస్తుంది. మందులు మర్చిపోయాననో కాఫీ అనో నాన్న సరిగ్గా అప్పుడే లేస్తారు, కూర్చోబెట్టు.

లంచ్‌కి పన్నెండుంపావు ప్రాంతంలో టైమ్ అడగండి. రైలు లేటైతే ఆ మేరకి వెనక్కి జరపండి. గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ స్టేషన్‌కి రైలు సరైన టైమ్‌లో ఉంటే రెండు గంటలకి కాస్త ముందు వెళ్తుంది, కాన్యన్ దానికి ముందే ఉంటుంది. అంటే ఒంటిగంటకల్లా చేతులు తుడుచుకుని లౌంజ్‌లో ఉండాలి. కొలరాడో నది వెంబడి ఇంకో వింత ఉంది, ముందే చెప్తే మంచిది. వేసవిలో తెప్పల్లో వెళ్లే కుర్రకారు రైలుని చూడగానే వెనక్కి తిరిగి ప్యాంట్లు కిందికి దించుతారు. అక్కడ అదొక సంప్రదాయం. అమ్మ పక్కన కూర్చుని ఉంటే నువ్వు రెండో వైపు కిటికీలో ఏదో చూపించు.

ఆ సాయంత్రం డిన్నర్ మాత్రం ఆలస్యంగా తీసుకోండి, ఏడు ఆ ప్రాంతంలో. గ్రాండ్ జంక్షన్ దాటాక రూబీ కాన్యన్, ఆ తర్వాత యూటాలో బుక్ క్లిఫ్స్ మీద పొద్దువాలే ఎండ. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ గంటే, కొండలకన్నా కూడా. కానీ నాన్నకి షుగర్ కదా, ఏడింటిదాకా ఖాళీ కడుపుతో ఉంచొద్దు. అయిదింటికి లౌంజ్ కింద ఉన్న కెఫేలో ఏదో ఒకటి కొని పెట్టు. కెఫే అతను కూడా తినడానికి మధ్యలో మూసేస్తాడు, అందుకని అవసరమయ్యేదాకా ఆగకు. అక్కడి మెట్లు ఇరుకు, మలుపు తిరిగి ఉంటాయి. కొన్నవన్నీ అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. కాఫీ మూత బిగించుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కు.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. రూమెట్ కింది అంతస్తులో పడితే ప్రతి భోజనానికీ మెట్లెక్కి దిగాలి. పై అంతస్తులో అయితే ఎక్కిన రోజు ఒకసారి, దిగేరోజు ఒకసారి. ఏ నంబరు గది ఇచ్చారో చూసుకుని, కింద ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి మార్చమని అడుగు. మరీ నొప్పిగా ఉన్న పూట స్లీపర్ అటెండెంట్‌కి చెప్తే ప్లేటు గదికే తెస్తారు. కానీ మూడు పూటలా అలా చేయనివ్వకు. ఎందుకో చెప్తాను.

డైనింగ్ కార్‌లో బల్లలు నలుగురివి. ఇద్దరే వెళ్తే ఎదురుగా ఇంకో ఇద్దరు కొత్తవాళ్లని కూర్చోబెడతారు. ఇంగ్లిష్ సరిగా రాదని మీ అత్తయ్య మొదటిసారి ఈ మాట వినగానే గదిలోంచి రానంది. బతిమాలి తీసుకెళ్లాను. ఎదురుగా నెబ్రాస్కా రైతు దంపతులు, డెబ్బై దాటినవాళ్లు. కాసేపు అందరం ఉప్పు, మిరియాల డబ్బాలు ఇటూ అటూ జరుపుకున్నాం. తర్వాత మీ అత్తయ్య కిటికీలోంచి చేను చూపించి, మొక్కజొన్న పొత్తుని నిప్పుల మీద తిప్పినట్టు చెయ్యి తిప్పి, నిమ్మచెక్క రాసినట్టు అభినయించింది. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ చేలల్లో ఉన్నది మనుషులు తినే మొక్కజొన్న కాదట, పశువుల దాణాకీ ఇథనాల్‌కీ పోయేదట, పంటి కింద రాయిలా ఉంటుందట. మేం ఇన్నేళ్లూ ఆ చేల పక్కనుంచి కార్లో వెళ్తూ ఎన్ని నోళ్లకి అన్నమో అనుకున్నాం! తర్వాతి పూట అత్తయ్య నాకన్నా ముందు తయారైంది.

శాకాహారం గురించి బెంగ వద్దు కానీ ఆశలు కూడా పెట్టుకోవద్దు. టిఫిన్‌కి గుడ్డు లేకుండా దొరికేది తక్కువ. డిన్నర్‌లో పాస్తా లాంటిది ఒకటి ఉంటుంది, రెండు రాత్రులూ అదే. వీగన్ భోజనం లాంటిది కావాలంటే మూడు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పు, రైలెక్కాక చెప్తే వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఇంటి తిండి సీట్లో, గదిలో తినొచ్చు. కానీ వేడి చేసి పెట్టరు, వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టరు. అల్లుడుగారికి ఒక మాట: సొంతంగా తెచ్చుకున్న బీరు స్లీపర్ గదిలో అయితే తాగొచ్చు, కోచ్ సీట్లోనూ లౌంజ్‌లోనూ కుదరదు.

మీ ఇద్దరి సంగతి. కోచ్ వాళ్లు డబ్బు కట్టి డైనింగ్ కార్‌లో తినొచ్చు, కాకపోతే స్లీపర్ వాళ్లు పోగా చోటుంటేనే. నేను కిందటిసారి వెళ్లినప్పుడు టిఫిన్ 20 డాలర్లు, లంచ్ 25, డిన్నర్ 45. మూడు పూటలా పెట్టుకుంటే ఇద్దరికీ దండగ. నన్నడిగితే రెండో రోజు డిన్నర్ ఒక్కటి నలుగురూ ఒకే బల్ల దగ్గర తినండి. అందుకోసం ఆ మధ్యాహ్నమే డైనింగ్ కార్‌కి వెళ్లి, ‘మా అమ్మానాన్నది ఈ గది, ఈ టైమ్, మేమిద్దరం కూడా చేరొచ్చా’ అని మర్యాదగా అడుగు. అక్కడ పనిచేసేది కొద్దిమందే, వంద మందికి వడ్డిస్తారు. అడిగే తీరుని బట్టి చోటు దొరుకుతుంది. భోజనం టికెట్‌లో ఉన్నా టిప్ టికెట్‌లో లేదు. ఒక్కో డాలర్, అయిదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోమని నాన్నకి చెప్పు.

ఇంతకుముందు రైళ్లలో ఇంకా బాగుండేదని లౌంజ్‌లో ఎవరో ఒక పెద్దాయన తప్పకుండా పట్టుకుంటాడు. అబద్ధమేమీ కాదు. కోస్ట్ స్టార్‌లైట్ అనే రైల్లో స్లీపర్ వాళ్ల కోసం 1956 నాటి పార్లర్ కార్ అనే ప్రత్యేక లౌంజ్ ఉండేది, 2018లో తీసేశారు. అదే ఏడు తూర్పున లేక్ షోర్ లిమిటెడ్ రైల్లో వంట ఆపి అట్టపెట్టెల్లో భోజనం మొదలెట్టారు. రైళ్లలో తిండి మీద వచ్చే నష్టం అయిదేళ్లలో ఆపాలని 2015లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, ఆ నిబంధనని 2021లో తీసేశారు. పడమటి రైళ్లలో స్లీపర్ వాళ్లకి వండి వడ్డించడం మళ్లీ మొదలైంది కూడా ఆ వేసవిలోనే. కనక మీ టైమ్ బాగుంది. ఆయన చెప్పేది వింటూ కిటికీ వైపు చూస్తూ ఉండు.

మూడో రోజు పొద్దున ఒక తిరకాసు ఉంది. రాత్రి నిద్రలో గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. నెవాడా ఎడారిలో సిగ్నల్ లేకపోతే ఫోన్‌కి ఆ సంగతి తెలియదు. నాన్న ఏడైందని తయారై వెళ్తే డైనింగ్ కార్ తలుపు మూసి ఉంటుంది. అటెండెంట్‌ని అడిగి టైమ్ సరిచేసుకోండి. టిఫిన్ రీనో లోపే ముగించి, ట్రకీ నుంచి డోనర్ కొండలు దాటేదాకా మళ్లీ లౌంజ్. చివర్లో కెఫే లెక్కలు చూసుకోవడానికి దిగే ఊరికి చాలా ముందే మూసేస్తారు, మధ్యాహ్నం టీ కావాలంటే ముందే తెచ్చిపెట్టుకో.

అమ్మ పులిహోర కలుపుతానంటే కలపనీ, ఒక రోజుకి భేషుగ్గా ఉంటుంది. ఇంగువ మాత్రం సగం వెయ్యమను. రూమెట్ అంటే ఎదురెదురుగా రెండు సీట్లు, ఒక తలుపు, అంతే. రెండు రాత్రులు ఆ గదిలోనే పడుకోవాలి.

మీ మామయ్య