మెటలర్జీ చదవాలనుకునే తమ్ముడికి: ముందు డిగ్రీ పేరు చూడు

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల డిగ్రీలిచ్చే కాలేజీ) ఫీజు తక్కువ కదా, అక్కడ మెటలర్జీ, అంటే లోహాల చదువు, చదవొచ్చా అని కందుకూరు నుంచి అడిగిన తమ్ముడూ, ఫీజు తక్కువన్న మాట నిజమే. కాకపోతే ఆ తక్కువ ఫీజు ఇక్కడి పిల్లలకు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చేవాళ్లకు మామూలుగా దానికి కొన్ని రెట్లు ఉంటుంది. నాన్న పొలం తాకట్టు పెడుతున్నాడని రాశావు గనక డబ్బు సంగతే ముందు చెబుతాను. కాలేజీ ఫీజుల పట్టికలో ఇంటర్నేషనల్ అన్న వరుస వెతుకు. క్రెడిట్‌కు (కోర్సును కొలిచే లెక్క) ఎంతో చూసి, సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్ల లెక్కన గుణించు. ల్యాబ్ ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్ వేరుగా కలుపుకో.

అంతకంటే పెద్ద దెబ్బ డిగ్రీ పేరు దగ్గర తగులుతుంది. మెటలర్జికల్ టెక్నాలజీ లాంటి కోర్సులకు చాలాచోట్ల ఇచ్చేది అసోసియేట్ ఆఫ్ అప్లయిడ్ సైన్స్ అనే రెండేళ్ల డిగ్రీ. అది చదివి నేరుగా టెక్నీషియన్ పనిలో చేరేవాళ్ల కోసం పెట్టింది. తర్వాత ఇంజినీరింగ్ డిగ్రీకి మారాలంటే అందులోని వెల్డింగ్, హీట్ ట్రీట్‌మెంట్ క్రెడిట్లు చాలావరకు లెక్కలోకి రావు, కట్టిన ఫీజు వృథా. యూనివర్సిటీ అడిగేది కాలిక్యులస్, కెమిస్ట్రీ, కాలిక్యులస్‌తో చెప్పే ఫిజిక్స్. ఏ కోర్సు నంబరుకు ఏది సమానమో యూనివర్సిటీ వాళ్లనే అడిగి, ఈమెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టు.

ఒంగోలులో ఏ కన్సల్టెన్సీ అయినా చదివాక మూడేళ్లు పని చేసుకోవచ్చని చెబితే నమ్మొద్దు. అసోసియేట్ డిగ్రీకి ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కింద వచ్చే 24 నెలల పొడిగింపుకు బ్యాచిలర్స్ గానీ ఆపైది గానీ ఉండాలి. క్యాంపస్‌లో పని కూడా సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే; దాంతో అప్పు తీరదు, తిండి ఖర్చుకు సరిపోతే గొప్ప. మిగతా రూల్స్ అమెరికా ప్రభుత్వ సైట్‌లో ఉన్నాయి, చదువుకో.

ఇక చదువు. లోహం లోపలి నిర్మాణాన్ని మైక్రోస్కోప్‌లో చూసే మెటలోగ్రఫీ ల్యాబ్‌లో చెయ్యి తిరిగితే క్వాలిటీ ల్యాబుల్లో నీకు విలువ ఉంటుంది. స్టీల్ ముక్కను కోసేటప్పుడు కూలెంట్ ధార ఆగకూడదు. ముక్క కాలితే లోపలి నిర్మాణమే మారిపోయి నువ్వు చూసేది అబద్ధం అవుతుంది. పట్టుకోవడానికి వీలుగా బేకలైట్ అనే ప్లాస్టిక్‌లో మౌంట్ చేశాక 240, 320, 400, 600 నంబర్ల గరుకు కాగితాల మీద (నంబరు పెరిగేకొద్దీ సన్నం) నీళ్లతో అరగదీయాలి. చీమకుర్తిలో గ్రానైట్‌కు పాలిష్ పట్టే వరసే ఇది. కాగితం మార్చినప్పుడల్లా ముక్కను 90 డిగ్రీలు తిప్పు, పాత గీతలు పూర్తిగా పోయేదాకా ఆపకు, కడగకుండా తర్వాతిదానికి పోకు. ఒక్క గరుకు రేణువు వెంట వచ్చినా పాలిషింగ్ గుడ్డ పాడవుతుంది. తర్వాత గుడ్డ మీద 6 మైక్రాన్, 1 మైక్రాన్ డైమండ్ రేణువులతో, చివర 0.05 మైక్రాన్ అల్యూమినాతో పాలిష్ పట్టాలి.

లోపలి నిర్మాణం కనబడేలా ఆమ్లంతో కొద్దిగా తినిపించడమే ఎచింగ్. దానికి 2 శాతం నైటాల్: 98 మి.లీ. ఇథనాల్‌లో 2 మి.లీ. నైట్రిక్ ఆమ్లం, మెల్లగా, ఫ్యూమ్ హుడ్ కింద. ఆమ్లాన్నే ఆల్కహాల్‌లో పోయాలి. పాళ్లు పెంచితే తొందరగా అవుతుందనుకోవద్దు, ఎక్కువ ఆమ్లం ఉన్నదాన్ని మూత బిగించి దాస్తే పేలే ప్రమాదం ఉంది. కొద్ది సెకన్లలో అద్దంలాంటి మెరుపు మసకబారుతుంది. వెంటనే నీళ్లతో, ఆపైన ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టు. మైక్రోస్కోప్‌లో స్టీల్ లోపలి రెండు భాగాలు, ఫెరైట్ తెల్లగా, పెర్లైట్ నల్లగా, విడిపోయి కనబడాలి. అంతా నల్లబడితే ఎక్కువసేపు ఉంచావని అర్థం. మళ్లీ పాలిష్ పట్టుకోవాల్సిందే.

సేఫ్టీ బూట్లు ఇక్కడే కొనుక్కో. ఊరి నుంచి మందంగా ఉన్న కాటన్ ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు తెచ్చుకో. ఫర్నేస్ దగ్గరకు పాలిస్టర్ వేసుకుపోతే నిప్పురవ్వ పడ్డచోట కరిగి ఒంటికి అంటుకుంటుంది.